బాబాయి చెల్లుతాడు, పిన్ని చెల్లదు

ఏప్రిల్ 15 దగ్గర పడుతోందంటే డాలస్‌లో మనవాళ్లకి చుట్టాల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొస్తుంది. సంక్రాంతికి ఫోను చెయ్యనివాడు కూడా మేనమామ పుట్టినతేదీ కనుక్కుంటాడు. టాక్స్ రిటర్న్‌లో డిపెండెంట్‌గా పడతాడేమోనని ఆశ.

ఇలాంటి ఆశావాదుల కోసమే ఐఆర్ఎస్ వాళ్లు పబ్లికేషన్ 501 అని ఒకటి వేశారు. పెళ్లిళ్ల పేరయ్య కూడా అంత లోతుగా చుట్టరికాలు తవ్వడు. దాని ప్రకారం నాన్న తమ్ముడు బంధువే. ఆయనతో ముప్పై ఏళ్లు కాపురం చేసి, చిన్నప్పుడు మనకి గోరుముద్దలు పెట్టిన పిన్ని మాత్రం కాదు. ఆవిడ ఏడాది పొడుగునా మనింట్లోనే ఉంటే అప్పుడు చూస్తారట. పెదనాన్న కొడుక్కీ అదే షరతు: జనవరి నుంచి డిసెంబరు దాకా మన సోఫా దిగకూడదు. బావమరిదికి ఆ బాధ లేదు, వేరే ఊళ్లో ఉన్నా చుట్టమే. బావమరిది మాట అక్కడా చెల్లుతోందన్నమాట! అన్నిటికన్నా గొప్ప రూలు ఇంకోటుంది. పెళ్లితో కలిసిన చుట్టరికం విడాకులతో తెగదు. భార్య విడిపోయినా అత్తగారు అత్తగారే. ఈ వాక్యం రాసినాయన అత్తగారు పక్క గదిలోనే ఉండుంటారు.

చుట్టరికం తేలింది కదా అని గుంటూరులో ఉన్న తాతయ్య పేరు రాసేస్తే కుదరదు. మనిషి అమెరికా పౌరుడో, పన్నుల లెక్కలో అక్కడి నివాసో, లేదా కెనడా, మెక్సికోల్లో ఉండేవాడో కావాలి. అరుగు దిగి బ్రాడీపేట దాకా రాని తాతయ్య మెక్సికో ఏం వెళ్తాడు?

విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు ఒకే ఏడాదిలో 183 రోజులు ఉంటే మాత్రం పన్నుల లెక్కకి నివాసులైపోతారు. మా నాన్నగారు ఆ గీత దాటారు. ఖర్చులో సగానికి పైగా నేనే పెట్టాను. ఇక మిగిలింది ఆదాయం. 2025 సంవత్సరానికి అది 5,200 డాలర్ల లోపు ఉండాలి. హెడ్మాస్టరుగారి పెన్షన్‌ని డాలర్లలోకి మారిస్తే దాటేసింది. సంగతి చెప్పాను. "నేను ఒకడి మీద ఆధారపడి బతకట్లేదని వాళ్లకీ తెలిసిందన్నమాట" అని మీసం దువ్వుకుని, రెండో కాఫీ అడిగారు.

సర్కారు వారి అనుమానానికీ కారణం ఉంది. 1987 రిటర్నుల్లో పిల్లల పేర్ల పక్కన సోషల్ సెక్యూరిటీ నంబరు వెయ్యాలనేసరికి దేశంలో దాదాపు 70 లక్షల మంది డిపెండెంట్లు మాయమైపోయారు. దొంగ రేషన్ కార్డులు మనకే ఉన్నాయనుకుంటాం.

ఇంతా చేసి దక్కేది మనిషికి 500 డాలర్ల క్రెడిట్. దానికోసం మా స్నేహితుడి ఇంట్లో అన్నదమ్ములు ముగ్గురూ ఏటా పంచాయితీ పెడతారు. వాళ్లమ్మగారికి గ్రీన్ కార్డుంది, ఖర్చు తలో మూడోవంతు. సగం ఎవరిదీ దాటదు. అలాంటివాళ్లకి ఫారం 2120 ఉంది: పది శాతం కన్నా ఎక్కువ పెట్టినవాళ్లలో ఒకడు రాసుకోవచ్చు, మిగతావాళ్లు "ఈ ఏడు మాకొద్దు" అని సంతకం పెట్టివ్వాలి. అందుకని వంతులేసుకున్నారు.

మొన్న ఆవిడ పప్పులో పోపు వేస్తూ, "ఈ ఏడు నేనెవరి అమ్మనిరా?" అని అడిగారు. నడిపివాడు నిరుటి ఫైలు వెతకడానికి లేచాడు.