పైనుంచి ఆర్డరు రాలేదు

1953 మార్చి 1, ఆదివారం. మాస్కో శివార్లలోని కుంత్సెవో బంగళాలో పొద్దంతా ఒక గది తలుపు తెరుచుకోలేదు. లోపల సోవియట్ అధినేత స్టాలిన్, బయట కాపలావాళ్లు. ముందురాత్రి సహచర నాయకులు బేరియా, మాలెంకోవ్, క్రుశ్చేవ్, బుల్గానిన్‌లతో విందు తెల్లవారుజాము నాలుగింటిదాకా సాగింది కాబట్టి, అయ్యగారు ఆలస్యంగా లేస్తారులే అనుకున్నారు. మధ్యాహ్నం దాటింది, అలికిడి లేదు. సాయంత్రం ఆరున్నరకు గదిలో లైటు వెలిగింది. హమ్మయ్య అనుకున్నారు. ఆ తర్వాత మళ్లీ చప్పుడు లేదు. పిలవందే లోపలికి వెళ్లకూడదన్నది అక్కడి రూలు. ఆ రూలు సడలించగలిగిన ఒకే ఒక్క మనిషి నేలమీద పడి ఉన్నాడు.

రాత్రి పది దాటాక లోజ్గాచెవ్ అనే కాపలాదారు, వచ్చిన టపా ఇచ్చే వంకతో ధైర్యం చేసి లోపలికెళ్లాడు. సగం ప్రపంచాన్ని గడగడలాడించిన మనిషి బనీను, పైజామాతో, తడిసిన బట్టల్లో, మాట పడిపోయి కనిపించాడు.

ఇలాంటప్పుడు ఏ ఇంట్లోనైనా డాక్టరుకు కబురు పెడతారు. అక్కడ మాత్రం భద్రతా మంత్రి ఇగ్నాతియెవ్‌కు ఫోన్ చేశారు. నాకెందుకొచ్చింది, బేరియానో మాలెంకోవ్‌నో అడగండని ఆయన తప్పుకున్నాడు. ఆ ఇద్దరూ వచ్చేసరికి అర్ధరాత్రి దాటి మూడైంది. మాలెంకోవ్ కొత్త బూట్లు కిర్రుకిర్రుమంటున్నాయట. నాయకుడి నిద్ర చెడుతుందని వాటిని విప్పి చంకలో పెట్టుకుని లోపలికి నడిచాడు. బేరియా ఒకసారి చూసి, హాయిగా నిద్రపోతుంటే ఈ గోలేమిటని కాపలావాళ్లనే కసిరి వెళ్లిపోయాడు. డాక్టర్లు అడుగుపెట్టింది 2వ తేదీ ఉదయం. కావాలనే ఆలస్యం చేశారా అని చరిత్రకారులు ఇప్పటికీ తగువులాడుకుంటూనే ఉన్నారు. కుట్రే ఉండనక్కర్లేదు. సొంత బుర్రతో నిర్ణయం తీసుకున్న పాపానికి జనం సైబీరియా చేరిన దేశంలో, ఏమీ చేయకపోవడమే అందరికీ అలవాటైన జాగ్రత్త.

పోనీ, వచ్చిన డాక్టర్లయినా నిబ్బరంగా ఉన్నారా? చేతులు వణికిపోతున్నాయి. వణకవూ మరి! నాయకుల్ని చంపడానికి వైద్యులు కుట్ర పన్నారని అంతకు ఏడు వారాల ముందే, జనవరి 13న, ప్రావ్దా పత్రిక ప్రకటించింది. పట్టుబడ్డవాళ్లలో ఎక్కువమంది యూదులు. స్టాలిన్‌కు ఏళ్ల తరబడి వైద్యం చేసిన వినోగ్రదోవ్ కూడా జైల్లోనే ఉన్నాడు. అదే కేసులో ఇరుక్కున్న యాకోవ్ రపోపోర్ట్ అనే వైద్యుడు తర్వాత రాసుకున్న సంగతి మరీ విడ్డూరం. అప్పటిదాకా నేరం ఒప్పుకోమని పీడించిన అధికారి ఉన్నట్టుండి, చెయిన్-స్టోక్స్ శ్వాస అంటే ఏమిటని మర్యాదగా అడిగాడట. ప్రాణం పోయేముందు లయ తప్పే ఊపిరి అది. అలాంటి రోగికి మంచి డాక్టర్లెవరని కూడా అడిగాడు. ఆయన చెప్పిన పేర్లలో చాలామంది అదే జైల్లో ఉన్నారు.

ఇక 5వ తేదీ సాయంత్రం. మన దగ్గర పాడె లేవకముందే పంపకాలు మొదలయ్యాయని దెప్పుతుంటారు. క్రెమ్లిన్‌లో ఊపిరి ఆగేదాకా కూడా ఓపిక పట్టలేదు. రాత్రి ఎనిమిదింటికి సమావేశం, నలభై నిమిషాల్లో ముగింపు. ప్రధాని పదవి మాలెంకోవ్‌కు, పోలీసు శాఖలన్నీ కలిపి బేరియాకు, విదేశాంగం మొలొటోవ్‌కు, రక్షణ బుల్గానిన్‌కు. క్రుశ్చేవ్‌కు పార్టీ పని చూసుకోమన్నారు, పాపం అమాయకుడని కాబోలు. అయిదు నెలల కింద స్టాలిన్ పాతికమందితో నింపిన ప్రెసీడియం అనే పార్టీ అగ్రమండలిని పదిమందికి కుదించారు. స్టాలిన్ పోయింది 9 గంటల 50 నిమిషాలకు. అంటే వారసులు గంటా పది నిమిషాలు ముందున్నారు.

6వ తేదీ తెల్లవారకముందే రేడియోలో అనౌన్సర్ లెవితాన్ కంఠం కబురు చెప్పింది. దేశం ఏడ్చింది. ఇక్కడ వెక్కిరింత కాసేపు ఆపాలి, ఎందుకంటే ఆ ఏడుపులో చాలావరకు నిజమైనదే. అన్ననో తండ్రినో లేబర్ క్యాంపులో పోగొట్టుకున్న ఇళ్లలోనూ ఏడ్చారు. దాదాపు ముప్పై ఏళ్లుగా యుద్ధం, రొట్టె, బడి, భయం అన్నీ ఒకే పేరుతో వచ్చినవాళ్లకు, ఆ పేరు లేకుండా రేపెలా ఉంటుందో ఊహకందలేదు. ఏడుపు రానివాళ్లకు అంతకంటే పెద్ద చిక్కు. పక్కవాడు చూస్తుంటాడు. క్యాంపుల్లో మాత్రం టోపీలు గాల్లోకి లేచాయని ఖైదీలు తర్వాత రాశారు.

శవాన్ని హౌస్ ఆఫ్ యూనియన్స్ భవనంలో ఉంచారు. చివరిచూపు కోసం జనం సముద్రంలా కదిలారు. వాళ్లను అదుపు చేయడానికి వీధులకు అడ్డంగా సైనిక ట్రక్కులు నిలబెట్టారు. ట్రుబ్నయా కూడలి దగ్గర వెనకనుంచి తోపులాట, ముందు ట్రక్కుల ఇనుము. ఆ గుంపులో నలిగి బయటపడ్డ కుర్రకవి యెవ్తుషెంకో చెప్పినదేమిటంటే, ట్రక్కులు తీయండని జనం అరుస్తుంటే, ఆర్డరు లేదని అధికారి ఏడుపుగొంతుతో జవాబిచ్చాడట. ఎంతమంది పోయారో ప్రభుత్వం ఏనాడూ చెప్పలేదు. కుంత్సెవో తలుపు, ట్రుబ్నయా ట్రక్కు రెండూ ఒకే ఆర్డరు కోసం ఎదురుచూశాయి.

అదే మార్చి 5న సంగీతకారుడు ప్రొకోఫియెవ్ కూడా పోయాడు. చావుకు అంతకంటే చెడ్డ తేదీ దొరకదు. మాస్కోలో పూలన్నీ ఒకే శవానికి చేరాయి, ఆయనకు దొరకలేదు. పత్రికల్లో కబురు రావడానికి రోజులు పట్టింది.

మార్చి 9న అంత్యక్రియలు. ఎర్రకూడలిలో ప్రసంగాలు మూడు: మాలెంకోవ్, బేరియా, మొలొటోవ్. ముగ్గురిలో మొలొటోవ్ గొంతే నిజంగా వణికిందంటారు. ఆయన భార్య పొలీనా 1949లో అరెస్టయింది. ఆమెను పార్టీనుంచి బహిష్కరించేటప్పుడు ఈయన ఓటు వేయకుండా ఊరుకున్నాడు, ఆ తర్వాత ఊరుకున్నందుకే క్షమాపణ రాసిచ్చుకున్నాడు. అంత్యక్రియలనాడే ఆయన పుట్టినరోజు. ఏం కావాలని సహచరులు అడిగితే, పొలీనాను ఇప్పించమన్నాడట. మర్నాడు ఇచ్చారు. విడుదలైన పొలీనా చివరిదాకా స్టాలిన్ భక్తురాలిగానే బతికింది. ఇలాంటి సంసారాన్ని ఏ నవలలోనైనా రాస్తే, సహజంగా లేదని ఎడిటర్ తిప్పి పంపుతాడు.

మార్చి 10 ప్రావ్దాలో ఒక ఫొటో వచ్చింది. స్టాలిన్, మావో, పక్కనే మాలెంకోవ్. ముగ్గురే ఏదో రాచకార్యం మాట్లాడుకుంటున్నట్టు. అది 1950లో చైనా ఒప్పందం నాటి గుంపు ఫొటో, మిగతావాళ్లను కత్తిరించి పారేశారు. కత్తెర కాస్త తొందరపడింది. మార్చి 14న మాలెంకోవ్ పార్టీ కార్యదర్శి పదవి వదులుకోవాల్సి వచ్చింది. స్టాలిన్ పోయిన నాటినుంచి మన లెక్కన చూస్తే సరిగ్గా పదోరోజు.

మన దేశం సంగతికొస్తే, స్టాలిన్‌ను ఆఖరున కలిసిన విదేశీ రాయబారి మనవాడే, కె.పి.ఎస్. మీనన్. ఫిబ్రవరి 17న ఆయన మాట్లాడుతుంటే స్టాలిన్ ఎర్ర పెన్సిల్‌తో కాగితం మీద తోడేళ్లు గీస్తూ కూర్చున్నాడు. తెలుగు కామ్రేడ్లు చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య 1951లో మాస్కో వెళ్లి, తెలంగాణ సాయుధ పోరాటం గురించి స్టాలిన్‌తోనే ముఖాముఖి మాట్లాడి వచ్చారు. ఆ ఏడాది అక్టోబరులో పోరాట విరమణ జరిగింది. చచ్చినవాడి కళ్లు చారెడంటారు కదా, స్టాలిన్ పోయాక మన పార్లమెంటులోనూ నెహ్రూ నివాళి పలికారు. ఆ మార్చి 1నే పుట్టిన కరుణానిధి కొడుక్కి ఆ పేరే స్థిరపడింది. తెలుగిళ్లలోనూ స్టాలిన్లు పెరిగి రిటైరయ్యారు, 2006లో చిరంజీవి సినిమాకూ అదే పేరు.

బేరియా సంగతి జూన్ 26న తేలింది. సహచరులే సమావేశంలో పట్టించారు, డిసెంబరులో కాల్చేశారు. గ్రేట్ సోవియట్ ఎన్‌సైక్లోపీడియా చందాదారులకు అప్పుడొక ఉత్తరం, దాంతోపాటు కొన్ని పేజీలు అందాయి. బేరియా ఉన్న పేజీలను కత్తెరతోనో బ్లేడుతోనో తీసేసి, వీటిని అతికించుకోవాలి. కొత్త పేజీల్లో బేరింగ్ సముద్రం ఫొటోలు, బెర్గోల్జ్ అనే పద్దెనిమిదో శతాబ్దపు దర్బారీ గురించి అక్కర్లేనంత వివరం. పాపం బెర్గోల్జ్, అక్షరక్రమం పుణ్యాన వెలుగులోకొచ్చాడు.

స్టాలిన్ మాత్రం సమాధి మందిరంలో లెనిన్ పక్కన ఎనిమిదేళ్లకు పైగా పడుకున్నాడు. 1961 అక్టోబరు 30న పార్టీ మహాసభలో డోరా లాజుర్కినా అనే పాత బోల్షివిక్ లేచింది. స్టాలిన్ కాలంలో ఏళ్ల తరబడి నిర్బంధం అనుభవించిన మనిషి. నిన్న లెనిన్ తన కళ్లముందు నిలబడి, స్టాలిన్ పక్కన పడుకోవడం ఇష్టంలేదన్నాడని చెప్పింది. దేవుణ్ణి నమ్మని పార్టీ ఆ సోదె శ్రద్ధగా విని తీర్మానం చేసింది. మర్నాటి రాత్రే శవాన్ని తీసి క్రెమ్లిన్ గోడ దగ్గర పాతిపెట్టారు. లెనిన్ అభిప్రాయానికి ఆఖరిసారి విలువ దక్కింది అప్పుడేనేమో.

ఈ చావు మీద అర్మాండో యనూచీ 2017లో ‘ది డెత్ ఆఫ్ స్టాలిన్’ అనే నవ్వుల సినిమా తీశాడు. 2018 జనవరి 25న రష్యాలో విడుదల కావాల్సి ఉండగా, రెండురోజుల ముందు సంస్కృతి శాఖ అనుమతి రద్దు చేసింది. మాస్కోలో పియొనేర్ అనే ఒక్క హాలువాళ్లు ఆర్డరు లేకుండానే బొమ్మ వేశారు. మర్నాడు ఆ హాలుకు పోలీసులొచ్చారు. ఈసారి ఆలస్యం చేయలేదు.