సర్కారు తుమ్మను మాట్లాడుతున్నా

నన్ను తిట్టేవాళ్లు ఒక సంగతి మరిచిపోతారు. నేను దొంగదారిన రాలేదు, సర్కారు పిలిస్తే వచ్చాను. మద్రాసు ప్రెసిడెన్సీలో అడవుల అధికారిగా ఉన్న బెడ్డోమ్ దొర, ఎండు నేలల్లో నాటడానికి మా విత్తనాలు తెప్పించమని 1876లో పైవాళ్లకు రాశాడు. మరుసటి ఏడు జమైకా నుంచి దిగి కడప జిల్లా కమలాపురం మట్టిలో పడ్డాను. ధాత కరువు రోజులవి. జనం తిండిలేక రాలిపోతున్న నేలలో నేను మాత్రం చిగురేశాను.

తర్వాత ఇక్కడ నన్ను ఎవరూ పనిగట్టుకుని నాటాల్సిన పని పడలేదు. నా ఆకు మేక ముట్టదు, కాయంటే పడిచస్తుంది. తియ్యగా ఉంటుంది మరి. విత్తనం అరగదు. మంద ఎటుపోతే అటు పెంటికల్లో ప్రయాణం చేసి, ఎరువుతో సహా మొలుస్తాను. కాపరులు డొంకదారి వెంట నడిచినంత మేరా నా సంతానమే. వేరు లోతుకు దిగుతుంది కాబట్టి వాన లేకపోయినా పచ్చగా ఉంటాను. నా నీడన గడ్డి సరిగా మొలవదు. పూడికపడ్డ చెరువు కనిపించిందా, కట్ట నుంచి అలుగు దాకా నాదే.

తెలంగాణలో సర్కారు తుమ్మనంటారు, కోస్తాలో చిల్లచెట్టు, సీమలో కంప. సినిమాల్లో సుమోలు దుమ్ము రేపుతూ దూసుకుపోతుంటే పక్కన కనిపించే ముళ్లపొదను నేనే. సీమ ముఖచిత్రమే నాదన్నట్టు చూపిస్తారు. నేను రాకముందు ఆ గుట్టల మీద ఏ చెట్లుండేవో, ఏ గడ్డి మేసి గొడ్లు బతికేవో ఇప్పటి కుర్రాళ్లను అడగండి. తాతను అడగాలంటారు. ఆ తాత పుట్టేనాటికే నేనున్నాను! నేను గెలిచింది నేలను కాదు, ఆ జ్ఞాపకాన్ని.

జమ్మి నాకు దగ్గర చుట్టమే. దసరాకు దానికి పూజలు, ఆకును బంగారమని పంచుకోవడాలు, తెలంగాణలో రాష్ట్ర వృక్ష హోదా. నాకు గొడ్డలి. ఈ దేశంలోనే నాకూ ఒకప్పుడు మర్యాద దక్కింది లెండి. 1940లో జోధ్‌పూర్ సంస్థానం నన్ను రాజవృక్షమని ప్రకటించింది. కచ్‌లో ఉప్పునేల ముందుకు రాకుండా ఆపమని 1960ల మొదట్లో బన్ని గడ్డిమైదానంలో నాటారు. నేను ఉప్పును ఆపానో లేదో గానీ, గడ్డిని మాత్రం మింగాను. అక్కడి పశుపోషకులు నన్ను ‘గాండో బావళ్’, అంటే పిచ్చి తుమ్మ అంటారు. కెన్యాలోని బారింగో వాళ్లయితే ఏకంగా కోర్టుకెక్కారు. నా తీపి కాయలు తిని పళ్లూడిన మేకను సాక్ష్యంగా తీసుకెళ్లారట.

నాకు చెప్పుకోవడానికి ఒకటుంది: బొగ్గు. కంప కొట్టి, కర్ర పేర్చి, పైన గడ్డి కప్పి మట్టి మెత్తి, లోపల నిప్పు రాజేసి రోజుల తరబడి కాపలా కాస్తారు. మంట పైకి లేస్తే బూడిదే మిగులుతుంది, అందుకని రాత్రీ నిద్ర ఉండదు. ఇస్త్రీ బండి, టీకొట్టు, కమ్మరి కొలిమి అన్నిటికీ నా బొగ్గు చేరింది. గ్యాసు బండ రాని రోజుల్లో ఎన్నో ఇళ్ల పొయ్యి నా కట్టెలతోనే మండింది. సెంటు భూమి లేనివాళ్లు అడగకుండా కొట్టుకోగలిగిన చెట్టును నేను. చందనం, టేకు అలా కొట్టనిస్తాయా? నా ముల్లు గుచ్చుకుని చీముపట్టిన కాళ్లూ వాళ్లవే, అదీ ఒప్పుకుంటాను.

ఇప్పుడు నన్ను తీసేయాలంటున్నారు. చెరువుల్లోంచి, కాలవల్లోంచి తీయాల్సిందే, అడ్డం చెప్పను. కానీ ‘జంగిల్ క్లియరెన్స్’ పేరుతో పైపైన నరికి, ఫొటో తీసి, బిల్లు పెట్టుకుంటే లాభం లేదు. మోడు నుంచి నాలుగు పిలకలై లేస్తాను. వేళ్లతో పెకలించండి. పై ఏళ్లలో వానలు పడ్డప్పుడల్లా వచ్చే మొలకలను పీకండి. ఆ జాగాలో జమ్మో, వేపో, నల్లతుమ్మో వేయండి. అన్నిటికంటే ముందు, నా బొగ్గుబట్టీల మీద బతికే కుటుంబాలకు మరో పని చూపించి, ఆ తర్వాతే జేసీబీని పిలవండి.