పొగగొట్టం కనపడేది అబ్బీ

అబ్బీ, ఆ ఫోను కొంచెంసేపు బోర్లించి పక్కన పెట్టు. ముసలాయన మళ్ళా మొదలుపెట్టినాడని నీకు విసుగొస్తుందని తెలుసు. రానీలే. మా రోజుల్లో పెద్దోళ్ళు మాట్లాడతా ఉంటే విసుగొచ్చినా కూర్చునేవాళ్ళం. లేచిపోదామన్నా ఇంట్లో ఇంకో గది ఉండేది కాదు.

మా రోజుల్లో ఉద్యోగం కంటికి కనపడేది. ఎర్రగుంట్లలో ఏ మిద్దె ఎక్కినా ఏదో ఒక పక్క సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం కనపడేది. మన నేల సంగతి నీకు తెలిసిందే, పైన వానకు నమ్మకం లేదు, కింద మాత్రం ఎంత తవ్వితే అంత సున్నపురాయి, నాపరాయి. సేద్యం ముంచిన ఏడాది కూడా రాయి అన్నం పెట్టింది. సీసీఐ వాళ్ళ ఫ్యాక్టరీ ఒకటి, చిలంకూరులో ఇంకొకటి. తర్వాత 1994లో కలమల్ల దగ్గర ఆర్టీపీపీ కరెంటు ఫ్యాక్టరీలో మొదటి యూనిట్ తిరిగింది. షిఫ్టు వదిలే వేళకు సైకిళ్ళు బారులు కట్టి వస్తా ఉంటే, హ్యాండిల్‌కు తగిలించిన క్యారియర్ గిన్నె చప్పుడు విని ఫలానా ఇంటాయన వచ్చినాడని అరుగు మీది అవ్వలు చెప్పేవాళ్ళు. ఆ దుమ్ము పీల్చి దగ్గుకుంటా పోయినోళ్ళు కూడా మా వాళ్ళే, అదీ చెప్పాల. కానీ పని యాడుందో తెలుసు. గేటు యాడుందో తెలుసు. గేటు కాడ ఎవర్ని అడగాల్నో తెలుసు.

నేను 1978లో ప్రొద్దుటూరులో బీకాం పాసైనాను. డిగ్రీ చేతికి రాగానే కడపకు పోయి ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలో పేరు రాయించుకోని, ఆ కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోని వచ్చినాను. ఆ మర్నాడే టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరినాను. పొద్దున ఆరు గంటల బ్యాచి. ఏ, ఎస్, డి, ఎఫ్, జి, ఎఫ్ అని ఇరవై మిషన్లు ఒక్కసారిగా కొడతా ఉంటే రేకుల షెడ్డు మీద వడగండ్ల వాన పడినట్టుండేది. చిటికెన వేలికి బలం చాలక 'ఏ' అక్షరం ఎప్పుడూ సగమే పడేది. మాస్టారు వెనక నుంచి వచ్చి, ఏమీ అనకుండా, నా చిటికెన వేలి మీద ఆయన వేలు పెట్టి ఒక్క నొక్కు నొక్కేవాడు. కాగితం మీద నల్లగా నిండు అక్షరం పడేది. ఆ ఒక్క అక్షరం చూసుకోని ఆ పూటంతా సంతోషంగా ఉండేవాణ్ణి. ఇప్పుడు చెబితే నీకు నవ్వొస్తుంది.

టైపు లోయర్ పాసైనా, హయ్యర్ పాసైనా ఉద్యోగం రాలేదు. పోస్టల్ ఆర్డర్లు కొనడం, అప్లికేషన్ పంపడం, పోస్టుమ్యాన్ కోసం చూడడం. మా నాయన నన్ను నిలదీసి ఎప్పుడూ అడగలేదు. పోస్టుమ్యాన్ మా వీధి దాటి పోయినాక, ఎద్దులకు కుడితి పెట్టుకుంటా, నా దిక్కు చూడకుండా, "రాలేదా?" అనేవాడు. అంతే. ఒక చలికాలం పొద్దున ఏమనుకున్నాడో ఏమో, తలగుడ్డ చుట్టుకోని, సైకిల్ వెనక చెనిక్కాయల మూట కట్టుకోని, ఒక ఫ్యాక్టరీ గేటు కాడికి పోయినాడు. అక్కడ టైమాఫీసులో మాకు దూరపు చుట్టం ఒకాయన ఉండేవాడు. మధ్యాహ్నం దాకా గేటు బయట చెట్టు కింద నిలబడినాడంట. ఇంకో నెలకు నాకు ఇంటర్వ్యూ కాగితం వచ్చింది.

అది సిఫార్సు కాదా తాతా అని అడుగుతావు. సిఫార్సే. తెలిసినోడు లేని ఇంటి పిల్లోడు గేటు బయటే ఉండిపోయినాడు, వాని నాయన కూడా చెనిక్కాయలు తెచ్చే ఉంటాడు. అది న్యాయమని నేను అనను. కానీ బిడ్డ కోసం చెయ్యడానికి ఒక తండ్రికి ఒక పని ఉండేది. పోయి నిలబడేదానికి ఒక గేటు ఉండేది.

మా అల్లుడికి అది కూడా లేదు. నాపరాయి పాలిష్ యూనిట్ నడుపుతాడు. మొన్న ఆ దారిన పోతా ఆగినాను. బండ మీద నీళ్ళు పడతా ఉన్నాయి, మిషన్ తిరుగుతా ఉంది, మోకాళ్ళ దాకా తెల్లటి రాతిబురద అతనికి. మిషన్ ఆపి, చేతులు లుంగీకి తుడుచుకోని వచ్చి, "మామా, అబ్బోని ఉద్యోగం గురించి ఎవుర్ని అడగాల్నో చెప్పు. యాడికైనా పోతా. కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటా" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఎవర్ని అడగమని చెప్పాల? నా మనవడు 2024లో బీటెక్ కంప్యూటర్స్ పాసైనాడు. అప్పటి నుంచి వాడు పంపిన అప్లికేషన్లకు లెక్కే లేదు. మనిషి చదవక ముందే మిషన్ చదివి పక్కన పడేస్తుందంట, వాడే చెప్పినాడు. ఒకరోజు రాత్రి వచ్చిన జవాబు చూపించినాడు. రెండే రెండు లైన్లు. కింద మనిషి పేరు లేదు. మా రోజుల్లో కాదని చెప్పినా ఒకడు సిరాతో సంతకం పెట్టి చెప్పేవాడు.

ఈ పిల్లోళ్ళందర్నీ ఒకే తొట్టి కాడికి తోలింది ఎవరు? మేమే. పులివెందులలో జేఎన్‌టీయూ కాలేజీ వచ్చింది, ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ వచ్చింది, ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది, మంచిదే. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, కరెంటు ఫ్యాక్టరీ పెట్టుకోని సివిల్ వద్దు, మెకానికల్ వద్దు, ఎలక్ట్రికల్ వద్దు, కంప్యూటరే చదవాలని పట్టుబట్టింది మేము. అబ్బోనికి చిన్నప్పటి నుంచి మోటార్లు విప్పి మళ్ళా బిగించడమంటే పిచ్చి. "మోటార్లు బాగుచేసేదానికి బీటెక్ ఎందుకురా" అన్నది నేనే. ఆ మాట ఇప్పుడు రోజూ నా చెవుల్లో తిరుగుతా ఉంటుంది. దేశంలోకెల్లా పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ టీసీఎస్సే 2025 జూలైలో 12 వేల మందికి పైగా తగ్గించుకుంటామని చెప్పినాక, కొత్తగా గడప ఎక్కేవాళ్ళ గతి ఏంది?

మన ఉక్కు ఫ్యాక్టరీ సంగతి చూడు. 2007 జూన్‌లో జమ్మలమడుగు దగ్గర బ్రహ్మణి స్టీల్స్‌కు రాజశేఖర్ రెడ్డి శంకుస్థాపన చేసినప్పుడు నాలుగేండ్ల మనవణ్ణి భుజం మీద ఎక్కించుకోని పోయినాను. "నువ్వు పెద్దయ్యేసరికి ఇది నీకే రా" అని చెప్పినాను. అది ఆగిపోయింది. 2014 విభజన చట్టంలో కడప ఉక్కు సంగతి రాసినారు. 2018 డిసెంబరులో చంద్రబాబు కంబాలదిన్నెలో రాయి వేసినాడు. 2019 డిసెంబరులో జగన్ సున్నపురాళ్ళపల్లెలో వేసినాడు. 2023 ఫిబ్రవరిలో జిందాల్ వాళ్ళతో కలిసి అక్కడే మళ్ళా వేసినాడు. నాలుగు శంకుస్థాపనలయినాయి. భుజం మీద పిల్లోడు నాకంటే అడుగెత్తు పెరిగి, డిగ్రీ పట్టుకోని ఇంట్లో కూర్చున్నాడు. ఆ రాళ్ళు వేసిన వాళ్ళు ఎవరైనా సరే, మా పిల్లోళ్ళకు జవాబు చెప్పాల.

ఇంక నా బిడ్డ సంగతి. పెండ్లికి పోతే పలకరింపు అదే, "అబ్బోడు ఏం చేస్తాండాడు?" "కోర్సు చేస్తాండాడు" అంటుంది. అమీర్‌పేటలో ఆర్నెల్లు కోర్సు, మారతహళ్ళి హాస్టల్లో నాలుగు నెలలు ఇంకో కోర్సు. కోర్సులు అయిపోయినాక పెండ్లిళ్ళకు పోవడం మానుకుంది. అప్పుడే హైదరాబాదు నుంచి ఎవరో కన్సల్టెన్సీ వాళ్ళు ఫోన్ చేసి, మూడు లక్షలిస్తే కంపెనీలో కూర్చోబెడతామన్నారు. నా బిడ్డ గాజులు తీసి గుడ్డలో చుట్టి, ప్రొద్దుటూరులో కుదవ పెట్టేదానికి బయల్దేరింది. నేను కూడా సరే అన్నాను. మా నాయన చెనిక్కాయలు ఇయ్యలేదా అనుకున్నాను. పిల్లోడే గడపకు అడ్డం నిలబడినాడు. "అమ్మా, ఇది బ్యాక్‌డోర్. లేని అనుభవం ఉన్నట్టు దొంగ కాగితాలు పుట్టిస్తారు. ఆర్నెల్లకు పట్టుకోని గెంటేస్తే ఇంక ఏ కంపెనీ గడప తొక్కనీదు" అన్నాడు. మా ఇద్దరి కంటే వానికే బుద్ధి ఉంది. ఆ రోజు వాని మొహం చూసి నాకు మా నాయన గుర్తుకొచ్చినాడు.

మా రోజులు బంగారం అని నేను ఇట్లా చెప్పుకుంటా పోతా ఉంటే, మొన్న మా ఇంటామె తమలపాకు నలుపుతా ఒక మాట అనింది. ఆమె నాకు మేనమామ కూతురే, నేను ఖాళీగా ఉన్న ఆ మూడేండ్లు కండ్లారా చూసింది. "ఆ మూడేండ్లు అత్త పొయ్యి ముందర కూర్చోని ఏడిస్తే, పొగకు కండ్లు మండినాయని నీకు చెప్పేది" అనింది. నాకు అది తెలీదు. నలభై ఏండ్లు దాటినాక తెలిసింది. మా కాలమోళ్ళు ఎదురుచూడలేదా అంటే, చూసినారు. 1998 డీఎస్సీ రాసినోళ్ళను 2023లో బడుల్లోకి తీసుకున్నారు కదా, ఇరవై అయిదేండ్లకు. తలలు నెరిసి, మనవళ్ళు పుట్టినాక చాక్‌పీసు పట్టుకున్నోళ్ళు ఉన్నారు. అయినా మా ఎదురుచూపు అరుగు మీద అందరి ముందర జరిగేది. పక్కింటోళ్ళు సజ్జరొట్టె ఇచ్చి పోయేవాళ్ళు. నీ ఎదురుచూపు తలుపేసుకోని, చీకట్లో, ఆ ఫోను వెలుగులో. అదే నాకు భయం.

చుట్టాలకు, పక్కింటోళ్ళకు చేతులు జోడించి చెబుతాండా. ఏ ఇంట్లోనైనా డిగ్రీ అయిన పిల్లోడు ఉంటే, పిల్ల ఉంటే, ఏమైంది, ఎప్పుడొస్తుంది అని అడగబాకండి. మీ ఎరుకలో పని ఉంటే చెప్పండి, లేకుంటే వానల గురించి మాట్లాడండి.

ఇంతసేపు మనవడు, అబ్బోడు అని ఎవరి సంగతో అన్నట్టు చెప్పింది నీ సంగతే అబ్బీ. నీకు కూడా ఒకటే చెబుతా. అప్లికేషన్లు పంపు, రాత్రంతా మేల్కొని ఉండు, నేను వద్దనను. ఎదురింటి బోరు మోటరు కాలిపోయిందంట, బుద్ధి పుడితే పోయి విప్పి చూడు, ఈ సారి నేనేమీ అనను. రాత్రి ఎనిమిదికి మాత్రం ఆ తలుపు తీసి బయటికి రా. మీ నాయన యూనిట్ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కోని, నువ్వు వచ్చేదాకా గిన్నె ముట్టకుండా కూర్చుంటాండాడు. సంగటి చల్లారితే గట్టిపడిపోతుంది.