మూలపురుషుడు

నాష్‌విల్‌ బ్రాడ్‌వే వీధిలో ఏ బార్‌లో దూరినా, స్టేజీకి దగ్గరగా ఉన్న స్టూలు మీద ఆయన ఉంటాడు. నదీమూలం, ఋషిమూలం అడగొద్దన్నారు గానీ పాటమూలం సంగతి ఎవరూ ఎత్తలేదు కదా అని ఆయన ధీమా.

బ్యాండు ‘టెనెసీ విస్కీ’ ఎత్తుకుంటుంది. తాగుడు మాన్పించిన ప్రియురాలిని మళ్ళీ విస్కీతోనే పోల్చే పాట అది. ఊరు చూడ్డానికొచ్చిన కుర్రాడొకడు “క్రిస్ స్టేపుల్టన్ పాట!” అని కేక పెడతాడు. అంతే, దొరికిపోయాడు.

“స్టేపుల్టన్‌దా? 2015లో సీఎంఏ కంట్రీ సంగీత అవార్డుల వేదిక మీద జస్టిన్ టింబర్‌లేక్‌తో కలిసి పాడితే నీలాంటివాళ్ళ చెవిన పడింది. జార్జ్ జోన్స్ 1983లోనే పాడేశాడు బాబూ. చార్టులో రెండో స్థానం!”

జోన్స్ పేరు రాగానే గొంతు గద్గదమవుతుంది. కారు తాళాలు ఇంట్లోవాళ్ళు దాచేస్తే గడ్డి కోసే బండెక్కి మందు దుకాణానికి వెళ్ళిన మహానుభావుడాయన. ఆ పాట పాడే అర్హత ఇంకెవరికుంటుంది? ఈ కథ అయ్యేసరికి స్టేజీ మీద పాట సగం గడిచిపోతుంది. ఆయన మాత్రం వినడు, వివరిస్తాడు.

అవతలి స్టూలు మీద ఇంకో మూలపురుషుడుంటే ఇక చూడాలి. “జోన్స్ కంటే ముందు, 1981లో, డేవిడ్ అలన్ కో” అంటాడు ఆ రెండోవాడు తాపీగా. మనవాడు తగ్గుతాడా? “రాసింది డీన్ డిలన్, లిండా హార్‌గ్రోవ్” అని ఏకంగా పుట్టుక దగ్గరికే వెళ్తాడు. నిజం చెప్పాలంటే, ఆ హాల్లో రాసినవాళ్ళ పేర్లు తలుచుకునేది ఆయనొక్కడే. అందుకైనా ఆ స్టూలు ఆయనకే ఉంచాలి. టిప్పుల బకెట్ ముందుకొస్తే మాత్రం డాలరు రాలదు. “అసలు పాడినవాడొస్తే వేస్తా” అంటాడు.

బకెట్ పట్టుకొచ్చిన పిల్లే ఇందాక పాడిన పిల్ల. “తాతా, మేం వాయించింది స్టేపుల్టన్ వరస. అదే నింపాది నడక, దాదాపు అవే రెండు కార్డ్‌లు 1967లో ఎట్టా జేమ్స్ రికార్డు చేసిన ‘ఐడ్ రాదర్ గో బ్లైండ్’లో ఉన్నాయి. అది కంట్రీ పాట కూడా కాదు. మరి అసలుది ఏదంటావు?”

ఆయన గ్లాసు వంక చూసుకున్నాడు.

“నేనింకా 1981లోనే ఉన్నానమ్మా. 1967 దాకా వెళ్ళాలంటే ఇంకో బీరు కావాలి.”

డబ్బులు ఆ కుర్రాడే కట్టాడు.