అడగకుండా నింపిన ఫారం

మా క్యాథలిక్ కాలేజీలో నైతిక విలువల తరగతిని నేను ఒక్కనాడూ పాఠంగా చూడలేదు. వారానికి ఒక గంట. క్యాథలిక్ పిల్లలు మతబోధకు వెళ్తే మిగతావాళ్లం ఆ గదిలో కూర్చునేవాళ్లం. మార్కులు కలవవు కాబట్టి వెనక బెంచీలో స్టాటిస్టిక్స్ లెక్కలు చేసుకునేవాణ్ని. ఫాదర్ నిజాయితీ గురించి చెప్తుంటే అది వాళ్ల చర్చి సంగతి, నా చదువు వేరు అనుకునేవాణ్ని. న్యాల్‌కల్ నుంచి హైదరాబాద్ వచ్చింది డిగ్రీ కోసం, డిగ్రీ ఉద్యోగం కోసం. అంతకు మించి ఆలోచించే తెలివి లేదు.

ఆ తెలివితక్కువతనం ఎక్కడిదాకా పోయిందో చెప్పాలి. పల్లె కుటుంబాల సర్వే చేసి ప్రాజెక్టు ఇమ్మన్నారు. సంక్రాంతి సెలవులకు ఊరికి వెళ్లి కూడా ఎవరి గడపా తొక్కలేదు. మా ఊరే కదా, నాకు తెలియనిదేముంది అని మంచం మీద కూర్చుని ఫారాలన్నీ నింపేశాను. మా పెద్దమ్మ పేరుకెదురుగా వృత్తి గడిలో ‘గృహిణి’ అని, విత్తనం గడిలో ‘అంగడి’ అని రాశాను. సగటులు తీసి, పట్టికలు గీసి, బైండు చేయించాను. మంచి మార్కులొచ్చాయి.

ఎండాకాలం ఆ పుస్తకం ఇంటికి తెచ్చి గొప్పగా చదివి వినిపించాను. తన పేరు రాగానే పెద్దమ్మ ఆపింది.

“నన్నడగకనే రాసినవా బిడ్డా? నేను ఎవుసం జేస్తలేనా?”

లోపలికి తీసుకుపోయింది. పేడతో అలికిన వెదురు గంపలు. ఒకదాని మూతి మీది పెళ్లను గోటితో ఊడదీసి చెయ్యి పెట్టమంది. బూడిద, ఎండిన వేపాకు, వాటి కింద జొన్నలు. పక్క గంపల్లో సజ్జలు, కొర్రలు, కందులు. ఏ చెలకలో ఏది వెయ్యాలో ఆ ఇంట్లో చెప్పేది ఆమే. జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో 1983 నుంచి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఇలాంటి ఆడవాళ్లతోనే సంఘాలు కట్టించి చిరుధాన్యాల విత్తనాలు కాపాడుతూ వచ్చింది. మాచనూర్‌లో 2008 నుంచి వాళ్లదే ఒక రేడియో. ఈ గాలి పీల్చి పెరిగినవాణ్ని నేను.

తప్పుడు గడి ఒకటి ఎంత చేస్తుందో మా మండలంలోనే చూడొచ్చు. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో నిమ్జ్ (జాతీయ పెట్టుబడుల, తయారీ మండలి) పేరుతో 12,635 ఎకరాలు సేకరించాలనుకున్నారు. 2024లో డప్పూర్, మల్గి, వడ్డి రైతులు ఫార్మా పరిశ్రమల ప్రతిపాదనకు ఎదురు తిరిగారు. భూసేకరణకు ముందు సామాజిక ప్రభావ అధ్యయనం చేయాలని 2013 చట్టం చెబుతోంది. దానికి ఆధారం ఇంటింటి సమాచారమే. అందులో పెద్దమ్మ లాంటి మనిషి ‘గృహిణి’ అయిపోతే, చెలక పోయినా ఆమెకు పోయిందేమీ లేదని కాగితం సాక్ష్యం పలుకుతుంది. నేను రాసింది మార్కుల కోసమే కావచ్చు, రాసిన పద్ధతి మాత్రం అదే.

చదువులోని ఈ లోపాన్ని నాకంటే ముందే ఒప్పుకున్నవాళ్లున్నారు. 1973 జులై 31న స్పెయిన్‌లోని వాలెన్సియాలో, జెస్యూట్ అనే క్యాథలిక్ గురువుల సభకు పెద్ద అయిన పెద్రో అరూపె తమ విద్యాసంస్థల పూర్వ విద్యార్థుల ముందు నిలబడి, మిమ్మల్ని న్యాయం కోసం నిలబడేలా మేం చదివించలేదని ఒప్పుకున్నారు. 1990లో పోప్ రెండో జాన్ పాల్ క్యాథలిక్ విశ్వవిద్యాలయాల కోసం వెలువరించిన ‘ఎక్స్ కోర్దె ఎక్లేసియే’ కూడా, పరిశోధన ఫలితానికే కాక అది చేసే పద్ధతికీ నైతిక బాధ్యత ఉందంటుంది. ఇవి చదివేసరికి నా చదువు ఎప్పుడో అయిపోయింది. ఫాదర్ చెప్పిన గంటా నా లెక్కల గంటా ఒకే పాఠమని అప్పుడు తెలిసింది. తప్పు నాదే. అయినా ఆ రెండు గంటల్నీ వేరు వేరు గదుల్లో ఉంచినన్నాళ్లూ నాలాంటి పట్టభద్రులు వస్తూనే ఉంటారని నా నమ్మకం.

ఇప్పుడు నేను డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్తాను. సర్వే ఫారం నింపాక అదే ఇంటికి మళ్లీ వెళ్లి, రాసిందంతా వాళ్లకు చదివి వినిపించి రమ్మంటాను. వాళ్లు కాదన్నదేదైనా ఉంటే ఆ కాగితం మీదే ఎర్ర సిరాతో రాయాలి. మార్కులు ఆ ఎర్ర సిరా చూశాకే వేస్తాను.