అర కిలోమీటరు గొంతుకు ఢిల్లీ దాకా దస్త్రం

ఊరుమ్మడి చెరువు అంటే ఆ ఊరి పశువులు దిగి నీళ్ళు తాగవచ్చునని నందిగాంలోనైనా టెక్కలిలోనైనా అర్థం. ప్రభుత్వ పరిభాషలో మాత్రం ఉమ్మడి ఆస్తి అంటే, అందరిదీ కాబట్టి ఎవరూ ముట్టకుండా ఒకరి మొలలో తాళంచెవి ఉండవలసినది అని అర్థం. ఆకాశంలోని రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరి 9న బెంగాల్ క్రికెట్ సంఘం కేసులో తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనంలో తెలుగువాడైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి కూడా ఉన్నారు. దేవుడు వరమిచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. పూజారి ఇంకా దరఖాస్తు నమూనా వెతుకుతున్నాడు.

స్పెక్ట్రం అంటే సమాచారాన్ని మోయగల రేడియో పౌనఃపున్యాల శ్రేణి. ఒకే పౌనఃపున్యం మీద ఒకే చోట ఇద్దరు మాట్లాడితే, పక్కపక్క పందిళ్ళలో రెండు మైకులు పెట్టినట్టు ఎవరి మాటా ఎవరికీ వినపడదు కనుక, దానికొక కట్టడి ఉండాలనడంలో తప్పులేదు. అయితే పరికరం శక్తి తక్కువైన కొద్దీ దాని తరంగం కొద్ది దూరంలోనే క్షీణించిపోతుంది కాబట్టి, అదే పౌనఃపున్యాన్ని పక్క ఊరివాడు నిక్షేపంగా వాడుకోవచ్చు. అల్పశక్తి పరికరాలకు లైసెన్సు అక్కరలేదని చాలా దేశాలు మినహాయింపులు ఇవ్వడానికి ఆధారం ఇదే. భారత ప్రభుత్వమూ ఇచ్చింది. వైఫై, బ్లూటూత్‌లు పనిచేసే 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో యాంటెన్నా నుంచి వెలువడే శక్తి 4 వాట్ల వరకు, సిటిజన్ బ్యాండ్ అనే 27 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో 5 వాట్ల వరకు లైసెన్సు అవసరం లేదని 2005లోనే నిబంధనలు వెలువడ్డాయి.

అంతకు కొద్దికాలం ముందు, 2002లో, కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘాల మహిళలు ‘మన రేడియో’ పేరిట ఒక చిన్న ఎఫ్‌ఎం ప్రసారిణి పెట్టుకున్నారు. దాని శక్తి 100 మిల్లీవాట్లు, అనగా ఒక వాట్‌లో పదో వంతు. దాని మాట వినిపించేది అర కిలోమీటరు. నందిగాం నడిబొడ్డున పెట్టినా పొలిమేర దాటని ఆ గొంతును పట్టుకోవడానికి కొన్ని నెలలకే కేంద్ర అధికారులు వచ్చి, పరికరాలు స్వాధీనం చేసుకుని వెళ్ళారు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమని దీన్ని అనడం కూడా పిచ్చుకకు అన్యాయమే, ఎందుకంటే పిచ్చుక కనీసం అర కిలోమీటరు అవతలికి ఎగిరిపోగలదు.

ఎఫ్‌ఎం పట్టీ వేరు, వైఫై పట్టీ వేరు, రెండింటినీ ఒకే త్రాసులో తూచరాదని శాస్త్రం తెలిసినవారు అంటారు. నిజమే. కాని ఏ పట్టీని తెరవాలో, దేన్ని మూయాలో నిర్ణయించినది ప్రకృతి కాదు, కార్యాలయం. యంత్రం యంత్రంతో గుసగుసలాడే పట్టీలు తెరుచుకున్నాయి. ఇద్దరు మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకునే పట్టీ కొద్దిగా తెరుచుకుంది. ఒక మనిషి మాట్లాడితే ఊరంతా వినే పట్టీకి మాత్రం తాళం పడింది. ప్రభుత్వం కొలుస్తున్నది వాట్లను కాదు, చెవులను. 1933 నాటి భారత వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం మరీ నిక్కచ్చిగా, పరికరాన్ని వాడడమే కాదు, అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరమంది. తెల్లదొరల భయం దొరలతోపాటు ఓడ ఎక్కలేదు.

జహీరాబాద్ ప్రాంతంలోని మాచనూరు కథ ఇంకా రమ్యమైనది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళల కోసం యునెస్కో సాయంతో అక్కడ 1998లోనే రేడియో కేంద్రం సిద్ధమైతే, అనుమతి లేనందున ఆ స్త్రీలు ఏళ్ళ తరబడి కార్యక్రమాలను క్యాసెట్లలో నింపి సంఘాల సమావేశాల్లో వినిపించుకుని, చివరకు 2008 అక్టోబరు 15న గాలిలోకి అడుగుపెట్టారు. పదేళ్ళలో క్యాసెట్ అనే వస్తువే కాలం చేసింది గాని దస్త్రం చెక్కుచెదరలేదు. 2006లో వచ్చిన కమ్యూనిటీ రేడియో విధానం స్వచ్ఛంద సంస్థలకు తలుపు తెరిచిన మాట నిజమే. సంస్థకు మూడేళ్ళ వయసు, హోం, రక్షణ శాఖల సమ్మతి, స్తంభం ఎక్కడ నిలబెట్టాలో చెప్పే స్థల అనుమతి, ఒప్పందం, ఆపైన వైర్‌లెస్ నిర్వహణ లైసెన్సు, ఇవన్నీ దాటితే 100 వాట్ల ప్రసారం మొదలుపెట్టవచ్చు. పలాస జీడి కార్ఖానాలో పప్పు ఒలిచే ఆడకూతుళ్ళు తమ కూలి రేటు గురించి తాము మాట్లాడుకోవడానికి రక్షణ శాఖ సమ్మతి ఎందుకో ఉద్దానంలో ఎవరినడిగినా చెప్పలేరు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు మండలం వద్ద తీరం దాటి, కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసి, కరెంటు స్తంభాలతోపాటు ఫోన్లనూ మూగవాటిని చేసింది. సరిగ్గా అదే నెలలో ఢిల్లీలో ఒక గెజిట్ వెలువడి, 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే అల్పశక్తి వాకీటాకీలకు లైసెన్సు అక్కరలేదని ప్రకటించింది. మినహాయింపు దక్కిన సెట్టుకు కూడా ‘పరికర నమూనా ఆమోదం’ అనే పత్రం ఉండాలన్నది దాని తోక. ఆ తోక సంగతి ఏడేళ్ళపాటు కొనేవాడికి ఎవరూ చెప్పలేదు. 2025 మేలో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ ఆన్‌లైన్ అంగళ్ళకు 13 నోటీసులిచ్చి, ఏ పౌనఃపున్యమో, ఏ ఆమోదమో చెప్పకుండా వాకీటాకీలు అమ్మరాదని మార్గదర్శకాలు విడుదల చేసింది. పోలీసుల పౌనఃపున్యాల్లోకి చొరబడే సెట్లను అరికట్టడం అవసరమే, సందేహం లేదు. కాని రెండువందల కిలోహెర్ట్జ్‌ల సందు తెరిచిన సంగతి తుపాను గాలికి టవర్లు పడిపోయే ఊళ్ళకు దండోరా వేయించడం ఏ శాఖ పనో ఆ గెజిట్‌లో లేదు.

ఈలోగా అక్కుపల్లి శివసాగరం ఒడ్డున, సెలవు రోజున, పిల్లవాడి చేతిలోని రిమోటు మాట విని 27 మెగాహెర్ట్జ్ బొమ్మ కారు ఇసుకలో నిర్భయంగా గిరికీలు కొట్టవచ్చు. దానికి నోరు లేదు.