ఇంగ్లీషు జోలికి పోకుండా ఐఈఎల్‌టీఎస్

అమీర్‌పేటలో బస్సు దిగగానే చేతిలో పెట్టే కరపత్రాలన్నీ జాగ్రత్తగా దాచుకోండి. ఏ సెంటర్ ఎక్కువ బ్యాండ్ గ్యారంటీ ఇస్తే అందులో చేరండి. 8 ఇప్పిస్తామన్నవాడికంటే 9 ఇప్పిస్తామన్నవాడు గొప్పవాడు కాక ఏమవుతాడు? పాస్‌పోర్టు గొడవ తర్వాత చూసుకోవచ్చు. పరీక్ష రోజున గుమ్మం దగ్గర ఆధార్ కార్డు చూపించి, "చాలా దూరం నుంచి వచ్చాం సార్" అంటే వాళ్లూ మనుషులే. అకడమిక్ రాయాలా, జనరల్ ట్రైనింగా అన్న మీమాంస వద్దు. మీ ఫ్రెండ్ ఏది రాస్తే మీరూ అదే.

లిజనింగ్‌లో ఆడియో ఒక్కసారే వస్తుంది. మూడో ప్రశ్న జారిపోయిందా? అక్కడే ఆగి దాని సంగతి తేల్చండి. ఈలోగా ఆడియోలో మాట్లాడే ఆవిడ లైబ్రరీ వేళలు, పార్కింగ్ ఫీజు చెప్పేసి వెళ్లిపోతే అది ఆవిడ తొందర. తప్పు జవాబుకు మైనస్ మార్కులు లేవు, ఏదో ఒకటి రాసి రమ్మంటారు కొందరు. మనకంటూ ఆత్మగౌరవం ఉంది, ఖాళీగానే వదిలేద్దాం.

రీడింగ్‌లో, పాసేజ్‌లో లేకపోయినా మీకు తెలిసిన సంగతే అయితే 'ట్రూ' పెట్టేయండి. లేకపోతే బీటెక్ చదివి ఏం లాభం?

రైటింగ్‌కు గంట టైం. రెండో టాస్క్‌కు మొదటిదానికంటే రెట్టింపు విలువ కాబట్టి నలభై ఐదు నిమిషాలు మొదటిదానికే పెట్టండి. గ్రాఫులో గీత ఎందుకు పడిపోయిందో ప్రభుత్వ వైఫల్యాలతో సహా వివరించండి. మిగిలిన పావుగంటలో బట్టీ పట్టిన పర్యావరణ వ్యాసం దించేయండి. ప్రశ్న ట్రాఫిక్ గురించైతే మొదటి వాక్యంలో ఎక్కడో ఒక బస్సును ఇరికిస్తే సరి.

అసలు పరీక్ష స్పీకింగ్. ఉచ్చారణ స్పష్టంగా ఉంటే మన యాసకేమీ మార్కులు పోవంటారు. నమ్మకండి. 'వాటర్'ను 'వారర్' అనండి, రెండో నిమిషంలో మరిచిపోయి మళ్లీ 'వాటరు' అన్నా ఫరవాలేదు. కార్డు ఇచ్చి, నోట్స్ రాసుకోవడానికి ఒక నిమిషం ఇస్తారు. దాన్ని ఇష్టదైవానికి కేటాయించండి. ఇక కార్డు మీద ఏమున్నా మీరు చెప్పేది తాతగారి గురించే, ఎందుకంటే మీకు కంఠతా వచ్చింది అదొక్కటే. ఈమధ్య కొన్న వస్తువు గురించి అడిగితే, అది తాతగారికి కొన్నామనండి. ఊపిరి తీసుకోకుండా, కళ్లు సీలింగ్‌కు అప్పగించి సాగిపోవాలి. తర్వాత ఎగ్జామినర్ "మీ తాతగారు ఏం చేసేవారు?" అని అడుగుతాడు. అది సెంటర్ వాళ్లిచ్చిన మెటీరియల్‌లో ఉండదు. కంగారు పడకుండా "మై గ్రాండ్‌ఫాదర్ ఈజ్ ఏ వెరీ డిసిప్లిన్డ్ పర్సన్" అని మొదటి వాక్యం నుంచి మళ్లీ అందుకోండి. ఆయన ఏదో రాసుకుంటున్నాడంటే ముచ్చటపడే ఉంటాడు.

స్కోరు రెండేళ్లు చెల్లుతుంది కాబట్టి యూనివర్సిటీల వేట ఇరవై మూడో నెలలో మొదలుపెట్టినా చాలు. చిలుకూరు బాలాజీకి మొక్కేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108 కదా. మొత్తం 119 ఇప్పుడే తిరిగేయండి, వీసా వచ్చాక సామాన్లు సర్దుకునే హడావిడి ఎటూ ఉంటుంది.